ఆరు నిమిషాలు చూపు తిప్పకుండా

పాప నిద్రలో ఊపిరి తీస్తున్నదో లేదో తెలుసుకోవడానికి నాకొక పద్ధతి ఉండేది. చూపుడువేలు దాని ముక్కు కింద పెట్టి, వేలికి మూడుసార్లు వెచ్చగా తగిలేదాకా కదలకుండా ఉండేదాన్ని. మూడు లెక్కపెట్టి లేచేదాన్ని. నాలుగడుగులు వేశాక, మూడోది నిజంగా తగిలిందా, తగిలిందని నేననుకున్నానా అని అనుమానం వచ్చేది. మళ్ళీ వెనక్కి వెళ్ళేదాన్ని.

పాప నెలలు నిండకముందే పుట్టింది. ఇరవై రెండు రోజులు దవాఖానలో గాజుపెట్టెలో ఉంచారు. ఇంటికి పంపే రోజు నర్సు, "జర చూస్కుంటుండమ్మా, చిన్న పానం" అన్నది. వెళ్ళే ప్రతి తల్లికీ చెప్పే మాటే అయి ఉంటుంది. నేను మాత్రం చూస్తూ ఉండిపోయాను. ఎనిమిది నెలలు.

మాది మక్తల్ దగ్గర ఊరు. మాది అంటే మా అత్తగారిది. నా భర్త అటవీశాఖలో చేస్తాడు. అమ్రాబాద్ అడవి లోపల క్యాంపులో ఉంటాడు. అక్కడ ఫోన్ పనిచేయదు. ఆదివారం ఒక గుట్ట ఎక్కి మాట్లాడతాడు. "పాప ఏం చేస్తున్నది?" అని అడుగుతాడు. నేను చెప్పడం మొదలుపెట్టగానే లైన్ కట్ అవుతుంది. చెప్పాలనుకున్న మిగతా మాటలు వచ్చే ఆదివారానికి పాతబడిపోయేవి.

ఇంట్లో మామ, అత్తమ్మ, నేను, పాప. మామ తెల్లారగానే గొర్రెలతో పోయి పొద్దు వాలాక వస్తాడు. అంటే పగలంతా ఇద్దరు ఆడవాళ్ళం. అయినా మా మధ్య మాటలు అన్నం, కూర, నీళ్ళ దగ్గరే ఆగిపోయేవి. తప్పు నాదే. పాపకు రెండు నెలలప్పుడు ఒక పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి మంచం మీద పాప లేదు. అత్తమ్మ వాకిట్లోకి ఎత్తుకుపోయి ఎండ చూపిస్తున్నది. నేను తడిజుట్టుతోనే పరుగెత్తి ఒక్క మాట కూడా అనకుండా చేతుల్లోంచి లాక్కున్నాను. తిట్టి ఉంటే ఆమెకు అంత తగిలేది కాదేమో.

"నాకేమన్న రోగమున్నదా?" అన్నది నా వెనక నుంచి.

నలుగురిని కని పెంచిన మనిషి. ఆ రోజు తర్వాత పాపను ఇమ్మని ఒక్కసారి కూడా అడగలేదు.

వెనక గదిలో పడి ఉన్న విమానాన్ని నేను బయటికి తీసింది ఆ రోజుల్లోనే.

అది మా ఇంజనీరింగ్ కాలేజీలో ఐదుగురం కలిసి మొదలుపెట్టినది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ విమానానికి నమూనా. ఈ కొస నుంచి ఆ కొసకు రెక్కలు ఏడడుగులు. తేలికైన బాల్సా చెక్క, ప్లైవుడ్, పెట్రోలు ఇంజన్. నేల మీద నిలబడి చేతిలోని ట్రాన్స్‌మిటర్‌తో నడపాలి. చిన్న విమానాలు కాలేజీ గ్రౌండులో చాలా ఎగరేశాను. దీన్ని ఎగరేయాల్సిన ఏడాదే కరోనా వచ్చి కాలేజీ మూసేశారు. అందరూ సామాన్లు సర్దుకున్నారు. దీన్ని పెట్టుకునే జాగా మా నాయిన క్వార్టర్‌లోనే ఉన్నదని నాకిచ్చారు. నాయిన నందికొండలో డ్యాం మీద గేట్లు చూసుకునే లస్కరు. ఆయన రిటైరయ్యేదాకా అది అక్కడే ఉంది. డ్యాం దగ్గర ఇలాంటివి ఎగరేయనివ్వరు. నా పెళ్ళయ్యాక, రెక్కలొకచోట మొండెమొకచోట జీపులో వేసి నా భర్త ఇక్కడికి తెచ్చి పెట్టాడు. "ఎప్పుడన్న ఎగరేద్దాం" అన్నాడు. ఆయన అన్నాడు కానీ, ఎప్పుడని మాత్రం ఇద్దరం అనుకోలేదు.

పాప పడుకున్నప్పుడు వెనక గదిలో పని చేసేదాన్ని. జిగురు వాసన పాపకు తగులుతుందని భయం. అందుకే పాప ముందు గదిలో, నేను వెనక గదిలో. మధ్యలో పదమూడు అడుగులు. తలుపు తెరిచి ఉంచి, గడపకు ఎదురుగా కూర్చుంటే మంచం కనబడుతుంది. ఒక పుల్ల అతికించి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. ఇంకో పుల్ల, ఇంకోసారి. అట్లా ఒక రెక్క అంచు అతికించడానికే నాలుగు రోజులు పట్టింది. కానీ ఆ పని బాగుండేది. జిగురు ఆరిందో లేదో ముట్టుకుంటే తెలిసిపోతుంది. తెలిసింది తెలిసినట్టే ఉంటుంది, మళ్ళీ వెళ్ళి చూడక్కర్లేదు.

ఒకరోజు అత్తమ్మ గడప దగ్గర నిలబడి చూసింది. విమానంలో గాజుమూత కింద పైలట్ బొమ్మ ఉంటుంది, ఛాతీ దాకానే.

"ఈనికి కాళ్ళు లేవా?"

"కనబడవని పెట్టలేదు అత్తమ్మా."

"కనబడకుంటే కాళ్ళెందుకని తీసేస్తరా!" అని వెళ్ళిపోయింది. నవ్విందో లేదో చూడలేకపోయాను.

రంగు వేశాక ఫోటో తీసి పాత స్నేహితుల గ్రూపులో పెట్టాను. రెండు బొటనవేలి బొమ్మలు వచ్చాయి. ఒకతను, "ఇంకా అదే పట్టుకుని ఉన్నావా?" అని రాశాడు. నేనూ ఒక బొటనవేలు పెట్టాను.

చివరకు బరువు సరిచూడటం మిగిలింది. ఈ రకం విమానాలకు ముక్కు పొట్టి, తోక బరువు. ముక్కులో సీసం పెట్టకపోతే పైకి లేచీ లేవగానే వెనక్కి వాలి కూలిపోతాయి. నాయినకు ఫోన్ చేసి చేపల వలలకు కట్టే సీసం గుండ్లు పంపమన్నాను.

"ఎగిరేదానికి బరువు గడ్తరా బిడ్డా?"

"ముక్కు తేలికయింది నాయినా."

"గట్లనా. చేపలు గూడ పంపాల్నా, గుండ్లేనా?"

గుండ్లూ ఎండుచేపలూ ఒకే సంచిలో బస్సులో వచ్చాయి. కడిగినా ఆ విమానం ముక్కుకు కొంచెం వాసన పోలేదు.

ఫిబ్రవరి చివర మా ఊరి చెరువు ఎండి నేల గట్టిపడింది. అక్కడ ఎగరేయడానికి అడ్డంకి లేదని ప్రభుత్వం వాళ్ళ డ్రోన్ల మ్యాపులో మూడుసార్లు చూసుకున్నాను. లాప్‌టాప్‌లో బొమ్మ విమానం పెట్టి సాధన చేశాను. రెక్కల వెనక అంచున ఉండే పలకలు సరిగ్గా కదులుతున్నాయా అని గదిలో కనీసం ముప్పైసార్లు చూశాను. ట్రాన్స్‌మిటర్ మీది పుల్లను కుడికి నెడితే విమానం కుడి పలక లేవాలి. లేచింది. ముప్పైసార్లూ లేచింది.

తేలని సంగతి ఒక్కటే. ట్రాన్స్‌మిటర్‌కు రెండు చేతులూ కావాలి. కళ్ళు కూడా కావాలి. గాలిలో ఉన్న విమానం మీదనుంచి రెండు క్షణాలు చూపు తిప్పితే అది వస్తున్నదో పోతున్నదో తెలియదు, ఆకాశంలో ఒక నల్లటి గీత మాత్రమే. సమయం ఆరు నిమిషాలకు పెట్టుకున్నాను. పాప ఇంటికి వచ్చాక, ఆ స్నానం పొద్దున తప్ప, నేను మెలకువగా ఉండి పాపను ఆరు నిమిషాలు చూడకుండా ఉన్నది లేదు. అందుకని పాత చీర చింపి, పాపను నా ఛాతీకి కట్టుకుని ఎగరేయాలని నిర్ణయించుకున్నాను.

గొర్రెలను అంగడికి తీసుకుపోయే ట్రాలీ ఆటో మాట్లాడుకుని పొద్దున ఏడింటికి చెరువులోకి వెళ్ళాం. అత్తమ్మ పిలవకుండానే ఎక్కి కూర్చున్నది. మమ్మల్ని దింపి, మళ్ళీ వస్తానని ఆటో అతను వెళ్ళిపోయాడు. మామ అప్పటికే మందతో అక్కడ ఉన్నాడు. రెక్కలు బిగించాను. గాలి తూర్పు నుంచి వస్తున్నది కాబట్టి ముక్కు తూర్పుకు పెట్టాను. తోక పట్టుకోమంటే మామ, పొట్టేలుకు మందు తాపేటప్పుడు పట్టినట్టు, మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు.

అత్తమ్మ నా ఛాతీ మీది మూటను చూసింది. "గట్ల కట్టుకొనే ఎగరేస్తవా?"

"అవును."

"బాగున్నది."

ఇంజన్ వేయకముందు ఇంకో పరీక్ష ఉంటుంది. ముప్పై అంగల దూరం నడిచి, అక్కడినుంచి ట్రాన్స్‌మిటర్ మాట విమానం వింటున్నదా అని చూడాలి. పాపతో పడమటికి నడిచాను. ఎదురెండలో అంత సన్నటి పలక నాకు కనబడదు. విమానం దగ్గరున్న మనిషి చెప్పాలి. పుల్లను కుడికి నెట్టి అరిచాను.

"ఏది లేచింది మామా?"

"ఉత్తరం దిక్కుది!"

"కాదు, కుడిదా ఎడమదా?"

"కుడీ ఎడమా నాకడుగకు. ఉత్తరం దిక్కుది లేచింది."

"మళ్ళొకసారి చూడు!"

"దిక్కులు గూడ ఎరుక లేవా నాకు? పుట్టినకాంచి ఈ చెర్ల తిరుగుతున్న. ఉత్తరమే!"

తూర్పుకు తిరిగిన విమానానికి ఉత్తరం అంటే ఎడమ. పరుగెత్తుకుంటూ వెళ్ళి విమానం వెనక నిలబడి పుల్ల నెట్టాను. మామ చెప్పిందే నిజం. కుడికి తిరగమంటే ఎడమకు తిరుగుతుంది. లేచిన మూడో క్షణంలో తలకిందులై నేలలో దిగేది.

గదిలో నేను గడపకు ఎదురుగా, మంచం కనబడేలా కూర్చునేదాన్ని. విమానం ముక్కు నావైపు ఉండేది. నా కుడిచేతి వైపు పలక లేస్తే సరిగ్గా ఉన్నదనుకున్నాను. ఎదురుగా ఉన్నదాని కుడి నా ఎడమ కదా. ఇంజనీరింగ్ చదివినదాన్ని. ముప్పైసార్లు చూశాను. ముప్పైసార్లూ ఒకటే తప్పు, ఒక్కదాన్నే, ఒకటే చోట కూర్చుని.

సెట్టింగ్ మార్చడానికి నిమిషం పట్టలేదు. ఈసారి పుల్ల నెడితే మామ "దక్షిణం" అన్నాడు. నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను. నేను ఇన్ని నెలలు చూసిన చూపు మీద నాకు నమ్మకం పోయింది. ఆ చూపుతోనే పాపను కూడా చూస్తున్నాను.

పాపను కట్టుకున్న చీర ముడి విప్పాను. మామ గొంగడి పరుచుకుని అత్తమ్మ కొంచెం దూరంలో కూర్చుని ఉంది. వెళ్ళి పాపను ఆమె ముందు పట్టుకున్నాను. ఆమె వెంటనే చేతులు చాపలేదు.

"నిజంగనే ఇస్తున్నవా? మల్ల గుంజుకోవు గద?"

"గుంజుకోను."

తీసుకున్నది.

విమానం ముక్కుకున్న పంకాను కర్రతో తిప్పితే నాలుగోసారికి ఇంజన్ అందుకుంది. మామ తోక వదిలి మంద దగ్గరికి ఉరికాడు, ఆ చప్పుడుకు గొర్రెలు చెదురుతున్నాయి. విమానం మట్టి లేపుకుంటూ పరుగెత్తింది. ఎడమకు లాగబోతే సరిచేశాను, తోక లేచింది, తర్వాత నేలను వదిలింది. చప్పుడు మారింది. అంతే, పైన ఉన్నది. ఒక చుట్టు తిరిగి మా మీదనుంచి వెళ్ళినప్పుడు దాని కడుపు కింది రంగు కూడా కనబడింది, అది వేసిన మధ్యాహ్నం గుర్తొచ్చింది.

ట్రాన్స్‌మిటర్ నిమిషానికొకసారి కూస్తుంది. రెండో కూత తర్వాత నా వెనక పాప ఏడుపు మొదలైంది. నా మెడ దానంతటదే తిరగబోయింది. తిప్పలేదు. విమానం చెరువు అవతలి కొసలో ఉన్నది. ఏడుపు పెద్దదయింది. ఇంకా పెద్దదయింది. ఆ తర్వాత ఆగిపోయింది.

ఏడుపు ఉన్నంతసేపూ పాప ఉన్నట్టు. ఆగిన తర్వాత నాకేమీ తెలియదు. నాలుగో కూత రాకముందే దింపడానికి తిప్పాను. చాలా వేగంగా వచ్చింది, మళ్ళీ పైకి లేపాల్సి వచ్చింది. అంటే ఇంకో చుట్టు. ఆ చుట్టంతా దాన్నే చూశాను. రెండోసారి చక్రాలు నేలకు తగిలాయి, ఎగిరిపడ్డాయి, మళ్ళీ తగిలాయి. చివర్లో ముక్కు మీద వాలి పంకా విరిగి ఆగిపోయింది.

వెనక్కి తిరిగాను. గొంగడి మీద ఎవరూ లేరు.

మామ దూరం నుంచి కర్రతో చెరువు కట్ట వైపు చూపించాడు. ట్రాన్స్‌మిటర్ మెడలో కొట్టుకుంటుండగా కట్ట ఎక్కి అవతలికి దిగాను. అక్కడ అత్తమ్మ పాపను భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తున్నది.

"ఏందే గట్ల ఉరుకుతున్నవ్?"

"ఏడుపు ఆగిపోయింది."

"ఆగద్దా మరి? సప్పుడుకు జడుసుకున్నది, ఇటు తెచ్చిన. నీకు జెప్దామంటే నువ్వు మొగులు దిక్కే జూస్తుంటివి." ఆగి, గొంతు తగ్గించింది. "ఇప్పుడే కన్నంటుకున్నది. తీస్కుంటవా?"

చేతులు ముందుకు వెళ్ళాయి. వాటిని మళ్ళీ దించుకున్నాను. "ఉండనీ" అన్నాను.

కట్ట దిగి విమానం దగ్గరికి ఒక్కదాన్నే నడిచాను. అంత దూరం చేతుల్లో ఏమీ లేకుండా నడవడం ఎట్లాగో మరిచిపోయినట్టుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. విమానం పక్కన కూర్చుంటే ఇంజన్ వేడి మొహానికి తగిలింది. అప్పుడు తట్టింది, అది ఎగరడం చివరిదాకా ఎవరూ చూడలేదని. అత్తమ్మ కట్టకు అవతల ఉంది. మామ గొర్రెలను మళ్ళేస్తున్నాడు. ఐదుగురం మొదలుపెట్టినదాన్ని దిగేదాకా చూసింది నేనొక్కదాన్నే. నా భర్తకు ఫోన్ చేశాను. కలవలేదు, ఆ రోజు ఆదివారం కాదు. గ్రూపులో "ఎగిరింది" అని రాశాను. "వీడియో ఏది?" అని వెంటనే వచ్చింది. ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ట్రాలీలో ఒక మూల నేను రెక్కలు పడకుండా పట్టుకుని కూర్చున్నాను. ఎదురు మూల అత్తమ్మ, ఒళ్ళో పాప.

"రేపు గూడ ఎగరేస్తవా?"

"పంకా విరిగింది కదా. కొత్తది రావాలంటే పదిరోజులు పడుతది."

"గందాక ఏం జేస్తవ్?"

నిజంగా తెలుసుకుందామనే అడిగింది. పాప మొహం అత్తమ్మ కొంగు కింద ఉన్నది. నేను కూర్చున్నచోటు నుంచి అది ఊపిరి తీస్తున్నదో లేదో కనబడదు. ట్రాలీ గుంతల్లో ఊగుతుంటే రెక్కలను ఇంకొంచెం గట్టిగా పట్టుకుని, ఇల్లు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.