చెంబెడు నీళ్లు

నెత్తిన బిందెతో ఇసుకలో నడుస్తున్న నా ఫొటో చూసి చేవెళ్లలో అందరూ నవ్వుతారు. సరదాకి దిగానని ఇన్నాళ్లూ చెప్పాను. అది నిజం కాదు.

ఒంటరిగా, చౌకగా జైపూర్, జోధ్‌పూర్ తిరిగి, జైసల్మేర్ దాటాక ఎడారి పల్లెలో ఒంటెలు కాసే ఒకాయన ఇంట్లో ఆగాను. గుమ్మం దగ్గరే ఆయన భార్య చెంబుతో నీళ్లిచ్చింది. మా దిక్కు ఇంటికొచ్చినవాళ్లకు ముందు కాళ్లకే నీళ్లిస్తారు. నేనూ అలవాటుగా చెప్పులు విడిచి, చెంబు మొత్తం కాళ్ల మీద పోసుకున్నాను.

ఆమె కళ్లు పెద్దవి చేసి, పకపకా నవ్వింది. "మీ ఊళ్లో కాళ్లు కూడా నీళ్లు తాగుతాయా, భయ్యా?" అని హిందీలో అడిగి, ఇంకో చెంబు తెచ్చింది. దాంతో కుండ ఖాళీ. బిందె తీసుకుని ఎండలోనే దూరాన ఉన్న బావికి బయలుదేరింది. నాకు సిగ్గేసింది. మర్నాడు పొద్దున ఆ బిందె నేను మోశాను. సగం నా చొక్కా మీదే ఒలికింది. ఫొటో తీసింది ఆమె భర్తే.

మొన్న మొయినాబాద్‌లో ఒక దోస్తు అదే ఫొటో చూసి, "ఏందన్నా, అంత దూరం పోయి నీళ్లు మోసినవా?" అన్నాడు. ఈసారి అసలు సంగతి చెప్పాను.

"మరి ఆమెను మాఫీ అడిగినవా?"

అడగలేదు. అప్పుడే ఆమె భర్తకు ఫోన్ చేసి, ఆమెను పిలవమన్నాను.

"భయ్యా, నీ కాళ్లకు మళ్లీ దాహమేసిందా?" అదే నవ్వు.

"మాఫ్ చెయ్యి, బెహన్," అన్నాను. "ఆ రోజు నిన్ను ఎండలో నడిపించాను."