చర్చి గేటు, రెండు చుక్కలు

నా చిన్నప్పుడు శంషాబాద్ దగ్గరి మా ఊరి చర్చికి ఇనుప గేటు చేసింది మా మేనమామ. కొత్తూరులో ఆయనకు వెల్డింగ్ షాపు ఉండేది. క్రిస్మస్ ముంచుకొస్తోందని మూలలన్నీ ఆగకుండా అతికేసి, తెచ్చి నిలబెట్టాడు. గేటు మూసుకోలేదు. కింది మూల నేలకు రాసుకుంటోంది.

పెద్దలంతా స్తంభాలు కట్టిన మేస్త్రీ మీద పడ్డారు. వంకరగా కట్టావన్నారు, కూలగొట్టి వేరేవాళ్లతో కట్టిస్తామన్నారు. స్తంభాలు నిటారుగానే ఉన్నాయని ఆయన దారానికి గుండు కట్టి వేలాడదీసి చూపినా ఎవరూ వంగి చూడలేదు. మామయ్య పక్కనే నిలబడి నోరు మెదపలేదు. ఆ మౌనానికి మా అత్తకు ఒళ్లు మండింది. ఆ షాపులో అతికేది మామయ్యే అయినా, ఇనుము కోసి మూలలు సరిచూసి పెట్టేది ఆమే.

నా కంపాస్ బాక్సులోని డివైడర్ తెమ్మంది. గేటు చేయగా మిగిలిన రెండు ఇనుప పట్టీలను ఎదురెదురుగా ఆనించి, అటొకటి ఇటొకటి పంచ్‌తో చుక్కలు కొట్టింది. డివైడర్ కాళ్లను ఆ చుక్కల్లో నిలిపి, ఆ కాళ్ల మధ్య దూరం మారనివ్వకుండా పట్టుకోమని నాకిచ్చింది. పట్టీల పొడవునా చర్చి కొవ్వొత్తి రుద్దింది. గేటును స్తంభానికి పట్టే బందులు అతకడానికి తెచ్చిన వెల్డింగ్ మిషను అక్కడే ఉంది. మామయ్యను అతకమంది. ఆయన ముఖం ముడుచుకునే అతికాడు.

మైనం అతుకు చుట్టూ జానెడు మేరే కరిగింది. అవతల తెల్లగా అలాగే ఉంది. కాలిన చోట ఇనుము ఉబ్బబోతే పక్కనున్న చల్లటి ఇనుము ఉబ్బనివ్వదని, ఆ కసి చల్లారేటప్పుడు కుంచించుకుపోయి తీర్చుకుంటుందని అత్త చెప్పింది. చల్లారాక డివైడర్ పెట్టాం. ఒక కాలు చుక్కలో దిగింది, రెండోది చుక్క దాటి పడింది.

"గేటును గుంజింది నువ్వేసిన అతుకు," అంది మామయ్యతో. "తప్పు గా మేస్త్రీ మీదికి తోస్తుంటే చూస్కుంట నిలబడ్డవా?"

మామయ్య మూలలు కోసి, ఒక్కోటి చల్లారనిచ్చి మళ్లీ అతికాడు. గేటు మూసుకుంది. మేస్త్రీకి మాత్రం ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. ఆయన దారం గుండుకు చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ క్రిస్మస్‌కు చర్చికి రాలేదు.

ఇప్పుడు విమానాశ్రయం దగ్గర మేముండే అపార్టుమెంటులో మోటారు కాలినా తప్పు వాచ్‌మన్‌దే. మీటింగులో లేచి, బిగించిన రోజు అది ఎలా ఉందో ఎవరైనా రాసుకున్నారా అని అడుగుతాను. నేను రాసుకుంటాను. నిప్పు అంటుకోకముందే చుక్కలు కొట్టాలని అత్త దగ్గరే నేర్చుకున్నాను. ఈ వయసులో కోపం తగ్గించుకోమంటారు ఇంట్లోవాళ్లు. మేస్త్రీ దారం చుట్టుకుంటున్న ఆ చేతులు గుర్తున్నంత వరకు తగ్గించుకోను.