పొట్టకు సూదులు

మా మేనత్తకు కోపం వస్తే గొంతు పెరిగేది కాదు. కొంగు నడుముకు దోపుకునేది, అంతే. ఇక ఆమెను ఎవరూ ఆపలేరని ధర్మవరంలో మా వీధి మొత్తానికి తెలుసు.

పంతొమ్మిది వందల నలభైల్లో ఒకనాడు ఆమె పట్టు కండెలు చుడుతుంటే, ఎక్కడిదో పిల్లి మీదపడి, చేతిలో పళ్లు దిగేలా కరిచి పారిపోయింది. దాని నోట నురగను అత్త కళ్లారా చూసింది. వాళ్ల అత్తగారు గాయం మీద సున్నం పెట్టి, "పిల్లి కరిస్తే ఎవురన్నా ఆస్పత్రికి పోతారా?" అంది.

"దానికి పిచ్చి పట్టుండాది. పెనుకొండకు పోయి సూదులు ఏపిచ్చుకుంటా."

ఆ సూదులు పొట్టకు వేస్తారని అందరికీ తెలుసు. అత్తగారు గడపలో నిలబడింది. "పరాయి మొగోనికి పొట్ట చూపిస్తావా?"

"చూపిస్తా. రేపు నేను సస్తే ఈ పొట్టను మోసేది పరాయి మొగోళ్లే గదా!"

మామ మగ్గం గుంతలోంచి తలెత్తలేదు. అత్త కొంగు దోపుకుని, అత్తగారిని పక్కకు జరిపి, వెళ్లి రైలెక్కింది. సూదులు అయిపోయేదాకా రోజూ ఎక్కింది. తిరిగొచ్చేసరికి ఆమెకు తిండి కూడా ఉంచేవాళ్లు కాదు. తానే సంగటి కెలుక్కుని, వాకిట్లో కూర్చుని, అందరూ చూస్తుండగా తినేది.

మరుసటి ఏడు పక్కింటి కోడలిని కుక్క కరిచింది. ఆ పిల్ల భయపడి గాయం దాచుకుంది. సంగతి తెలిసి అత్త ఆమె చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చింది.

"పద పాపా, పెనుకొండకు. ఎవురన్నా ఏమన్నా అనాలంటే నాతో అనమను."

వీధి వీధంతా వాకిళ్లలో నిలబడి చూసింది. అత్త కొంగు దోపుకుని ఆ పిల్లతో రైలెక్కింది.