ఆటో అన్న ఆపిన పెళ్లి

నేను సొంతంగా పెళ్లి ఫోటోలు తీయడం మొదలుపెట్టిన కొత్తలో, మెడలో కెమెరా, భుజాన లెన్సుల సంచీ వేసుకుని మండపం గుమ్మంలో నిలబడితే ప్రతివాళ్లూ అడిగే మాట ఒకటే: "ఫోటోగ్రాఫర్ యాడ పాపా?" నేనేనండీ అంటే, "అది సరేలే, తీసేది ఎవరు?" (కెమెరా నెత్తిన పెట్టుకుని ఊరేగినా ఇదే అడిగేవాళ్లేమో!) ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయేది.

బోగోలు దగ్గర జరిగిన ఒక పెళ్లి సంగతి చెప్తాను. ఎవరి కిందా కాకుండా నేనే ఒప్పుకున్న మొదటి పెళ్లి అది. పెళ్లికూతురు నా ఫోటోలు ఫోన్లో చూసి, "నువ్వే రావాలక్కా" అని పట్టుబట్టింది. తాళి కట్టే ఫోటో చెడిందంటే ఇక ఈ చుట్టుపక్కల నన్నెవరూ పిలవరని నాకు ఒకటే గాభరా. కావలి నుంచి నన్ను తీసుకొచ్చిన ఆటో అన్న, సామానుతో నా అవస్థ చూడలేక లైటు స్టాండు తనే అందుకుని లోపలికి నడిచాడు. అంతే, నా కొంప మునిగింది. పెళ్లికొడుకు మేనమామ (జరీ కండువా వేసుకుని మండపమంతా తనదే అన్నట్టు తిరుగుతున్నాడు, అందుకే నాకాయన కండువా మామ) ఎదురొచ్చి ఆటో అన్న చేతులు పట్టేసుకున్నాడు. "రాండి కెమెరామెన్ గారూ! ముందు టిఫిను చేయండి." ఖాకీ చొక్కాలో ఉన్న ఆటో అన్న బిత్తరపోయి, "నాది ఆటో సామీ, ఫోటోలు తీసేది ఈ పాప" అన్నాడు. "ఎంత అణకువో చూడు!" అని కండువా మామ మురిసిపోయి ఆయనకు కుర్చీ వేయించాడు, ఇడ్లీ తెప్పించాడు. నేను నోరు తెరిచేలోగా నా వైపు తిరిగి, "సదువుకుంటా అన్నకు సాయం వస్తా ఉండావా? మంచి పిల్లవి" అని మెచ్చుకున్నాడు. మెచ్చుకునేవాడితో ఎలా పోట్లాడతాం, మీరే చెప్పండి!

ముహూర్తం దగ్గరపడింది. ఈ కాలంలో పంతులు గారైనా కెమెరా వైపు చూసి "కానిద్దామా?" అని అడిగాకే తాళి కట్టిస్తారు గదా. నేను వేదికెక్కి చోటు చూసుకుంటుంటే, కండువా మామ అడ్డం వచ్చి, "కిందికి దిగు పాపా, కెమెరామెన్ గారిని రానీ!" అని నన్ను దింపేశాడు. లైటు స్టాండు తప్ప చేతిలో ఇంకేమీ లేని ఆటో అన్నను నా చోట నిలబెట్టారు. పంతులు గారు ఆయన్ని చూసి, "కానిద్దామా నాయనా?" అన్నారు. అంత పెద్దాయన తననడిగాడే అని ఆటో అన్న చేతులు జోడించి, "కానీండి సామీ" అన్నాడు!

గట్టిమేళం మొదలైంది. పెళ్లికొడుకు తాళి ఎత్తాడు. నాకు కనిపిస్తున్నవి జనం వీపులు. "ఆగండి! ఫోటో!" అని గొంతు చించుకున్నాను. ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి, "శుభమా అని తాళి కడతా ఉంటే ఆ అరుపులేంది?" అని కసిరింది. ఏడుపు ముంచుకొచ్చింది. "అన్నా, నువ్వన్నా ఆపమనన్నా!" అన్నాను. ఆటో అన్న చెయ్యెత్తి, "ఆపండి సామీ!" అన్నాడు.

మేళం ఆగింది. తాళి గాల్లో ఆగింది. "కెమెరామెన్ గారు ఆపమంటా ఉంటే ఇనపడలా?" అని కండువా మామ అందర్నీ గద్దించాడు. "ఈ పాపకు దారియ్యండి" అన్నాడు ఆటో అన్న. ఆయన అంటే ఇచ్చారు! ఆ ఒళ్లుమంటలోనే తీశాను. తాళి పడుతుండగా పెళ్లికూతురు నన్ను చూసి నవ్వాపుకోలేకపోయింది. అంత మంచి ఫోటో నేను మళ్లీ తీయలేదు.

చివర్లో కుటుంబం ఫోటో. కండువా మామ ఆటో అన్నను లాక్కెళ్లి మధ్యలో నిలబెట్టుకున్నాడు. "మీరు లేకపోతే ఎట్ట? పాపా, ఆ బటను నువ్వే నొక్కు, పర్వాలేదులే." నొక్కాను.

ఇప్పటికీ అన్ని పెళ్లిళ్లకూ ఆ ఆటోలోనే వెళ్తాను. అన్న మాత్రం గుమ్మం దాటడు. "మళ్లీ నన్ను కెమెరామెన్ని చేస్తారు, నువ్వు పో పాపా" అంటాడు. "తీసేది ఎవరు?" అని ఇప్పటికీ అడుగుతారు. ఇప్పుడు నేనే చెయ్యెత్తి "ఆపండి సామీ!" అంటాను, మేళం ఆగుతుంది. ఆ కుటుంబం ఫోటో నా స్టూడియో గోడకుంది. అందులో అందరూ నవ్వుతున్నారు, ఆటో అన్న ఒక్కడు నోరు తెరిచి, "తీసేది ఆ పాప!" అంటూ సూటిగా నా వైపు వేలు చూపిస్తున్నాడు. కెమెరా వెనకాల ముక్కు ఎగబీలుస్తూ నిలబడ్డ ఆ పిల్లకు ఆయన మాట ఆ రోజు వినపడనే లేదు, పాపం.