మేనేజరుగారి బాధ్యత

నగరం నడిబొడ్డున ఇరవై అంతస్తుల విద్యార్థుల హాస్టలు. తల్లిదండ్రులు గేటు దగ్గర కనబడితే చాలు, దాని మేనేజరు ముఖం మీద నూనె రాసినట్టు ఒక నవ్వు పుట్టుకొస్తుంది. లిఫ్టులో సెంటు కొడతాడు, టై సవరించుకుంటాడు, చిట్టచివరి అంతస్తులో ఎవరూ ఉండని శాంపిల్ గదికి తీసుకెళ్లి పరుపు మీద రెండుసార్లు తడతాడు. "ఇక మీరు నిశ్చింతగా ఉండండి. మీ పిల్లలంటే నా పిల్లలే" అంటాడు. ఆ పిల్లల్లో ఒక్కరి పేరైనా అతనికి తెలియదు. గది నంబరు పెట్టి కేకేస్తాడు.

మొన్నొకరోజు మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దాయనకీ, ఆయన కూతురికీ ఆ పరుపే తట్టి చూపిస్తుండగా ఫైర్ అలారం మోగింది. "నా పిల్లలే" అన్న మాట ఇంకా నోట్లో ఉండగానే మనిషి మాయమయ్యాడు. మెట్ల మీద అడ్డొచ్చిన పిల్లల్ని మోచేతులతో నెట్టుకుంటూ దిగి, రోడ్డు దాటి, అవతల మందుల షాపు నీడలో తేలాడు. తీరా చూస్తే ఎవరో రొట్టె మాడ్చారు, అంతే. చాలాసేపటికి పెద్దాయన కూతురి భుజం పట్టుకుని, రొప్పుతూ బయటికొచ్చాడు. "నయం, మమ్మల్ని లోపలే ఉంచి గదికి తాళం వేసి రాలేదు మీరు. అదే పదివేలు బాబూ" అన్నాడు. మేనేజరు మొహమాటానికైనా తల దించుకోలేదు.

మర్నాడు లిఫ్టులో మళ్లీ అదే సెంటు. "ఇంత ఎత్తు కదండీ, ఏదైనా జరిగితే పిల్లలు దిగగలరా?" అని ఒక తల్లి అడిగింది.

మేనేజరు టై సవరించుకున్నాడు. "మెట్ల గురించి బెంగే వద్దమ్మా. నిన్న నేనే స్వయంగా దిగి చూశాను."