ధాత దగ్గర నిండే చెంబు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది మా వాళ్ళెవరూ కాదు, కంపెనీ భూముల ఆఫీసరు. కొరాపుట్‌లో నా క్వార్టర్ వంటింట్లో పొద్దున్నే ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. "మేడమ్, మావుసి నిద్రలోనే పోయారట. వెరీ సారీ," అన్నాడు హిందీలో. ఆ వెంటనే, గుక్క తిప్పుకోకుండా, "పట్టాలో ఇక మీ ఇద్దరి పేర్లే మిగులుతాయి. తొందరేం లేదు, కార్యక్రమాలు కానివ్వండి," అన్నాడు. తొందరేం లేదట! ఎంత పెద్ద మనసు! మా తమ్ముడి ఫోను ఆ తరవాత ఇరవై నిమిషాలకి వచ్చింది. ఆఫీసరుకి ముందు చెప్పింది వాడేనని నాకు సాయంత్రానికి గానీ తెలియలేదు.

ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే ముందు కోపమే వస్తోంది. చదివేవాళ్ళు క్షమించాలి. కోపం మా ఇంటి ఆస్తి. నాకది ఆవిడ దగ్గర్నుంచే సంక్రమించింది.

మా నాన్నకి ఆవిడ అక్క. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. పిల్లల్లేరు. ఒడిశాలో, రాయగడ జిల్లాలో, బిస్సమ్ కటక్ దాటి లోపలికి వెళ్తే కొండ పాదాన మా తాత కట్టిన పెంకుటిల్లు ఉంది. అందులోనే బతికింది, అందులోనే పోయింది. తాత ఎస్టేటు కాలంలో అమీను. అంటే గొలుసు పట్టుకుని భూములు కొలిచే ఉద్యోగి. ఆయన సంపాదించిన దాంట్లో పైన కొండవాలు మా నాన్న వాటా. కింద వాగు వెంట మెట్లుమెట్లుగా దిగే వరిమళ్ళు ఆవిడ వాటా. ఆ మళ్ళని అక్కడ జోలా అంటారు. రెండిటికీ మధ్య బండ కింద నుంచి ఒక ఊట పుడుతుంది. కాగితం మీద మాత్రం అంతా ఒకే పట్టా. నాన్న పోయాక అందులో మూడు పేర్లు: అత్త, నేను, తమ్ముడు. కొండ మీద బాక్సైటు తవ్వుకోవాలంటే ముగ్గురూ సంతకాలు పెట్టాలి. ఇద్దరం సిద్ధం. మూడో మనిషి మా అత్త.

పదో రోజు భోజనాల దగ్గర అందరూ ఆవిణ్ణి దేవత అన్నారు. దేవతా లేదు, గీవతా లేదు. టీలో పంచదార చెంచా అంచుతో కొలిచి వేసేది. నచ్చనివాళ్ళు వస్తే ఇంట్లో ఉండే లేదనిపించేది. మా తమ్ముడు ఆరో తరగతి తప్పినప్పుడు వాడికి "సదువు సంకనాకిపోనోడు" అని పేరు పెట్టింది. వాడికి నలభై దాటి, పిల్లలు కాలేజీకొచ్చినా ఆ పేరు మార్చలేదు. వాడు నవ్వేసేవాడు గానీ లోపల దాచుకున్నాడని ఇప్పుడనిపిస్తోంది.

ఒక్క పనిలో మాత్రం ఆవిడ ఏనాడూ తప్పు చేయలేదు. రోజూ పొద్దున్న ఇత్తడి చెంబు పట్టుకుని ఊట దగ్గరికి వెళ్ళేది. నీళ్ళు జారడానికి అక్కడ వెదురు దోనె ఉండేది. చెంబు దోనె కింద పెట్టి తెలుగు సంవత్సరాల పేర్లు నెమ్మదిగా చదివేది. ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత, ప్రజోత్పత్తి... పదోది ధాత. ధాత అనేసరికి చెంబు నిండేది. వానాకాలంలో శ్రీముఖ దగ్గరే పొర్లిపోయేది. ఎంత మండువేసవిలోనూ ధాత దాటేది కాదు. సెలవులకి వెళ్ళినప్పుడు నాకూ అలాగే నేర్పింది. మొత్తం అరవై పేర్లుంటాయని మా అమ్మ చెబితే, మిగతావి కూడా చెప్పమని వెంటపడ్డాను.

"అయ్యన్నీ మనకెందుకమ్మీ? సెంబు నిండిపోనాది కదా, సాల్దేటి?" అంది.

అలా నాకు పదే వచ్చు. ఆ పదీ ఇంకొకరికి కూడా వచ్చు. జోలా మళ్ళు పాలుకి చేసే కోందు తెగ ఆవిడ, మా అత్తకంటే పదేళ్ళు చిన్న, రోజూ అదే వేళకి బిందెతో వచ్చేది. తెలుగు ముక్క రాదు. కానీ మా అత్తతో కలిసి ఒడియా యాసలో గొణిగేది: "ప్రొభొబొ, బిభొబొ..." అవి దేవుడి పేర్లనుకునేదో, నీళ్ళ పేర్లనుకునేదో! చిన్నప్పుడు నేను పడీ పడీ నవ్వేదాన్ని.

తాతంటే మా అత్తకి గౌరవం ఉండేది గానీ భ్రమ లేదు. "కోందులు ఊట సూపించేరు. మా అయ్య గొలుసేసి కొలిసేడు. సూపించినోళ్ళు కిందకెలిపోనారు, కొలిసినోడు పైకొచ్చేడు. మనకున్న హక్కు అదేనమ్మీ," అనేది. మరి మళ్ళు వాళ్ళకే రాసిచ్చెయ్యొచ్చు కదా అని ఒకసారి అన్నాను. ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆఫీసరు మొదటిసారి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. తరిమేస్తుందనుకున్నాను. కూర్చోబెట్టి టీ ఇచ్చింది, పంచదార మాత్రం చెంచా అంచుతోనే. ఆయనకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడలేడు. ఊరిదాకా రోడ్డు వేయిస్తామనగానే ఆవిడ మొహం మారింది. అంతకు ముందు వానాకాలం మోకాలు విరిగితే ఆవిణ్ణి నులక మంచం మీద బురదలో మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్ళారు. మోసేవాళ్ళని దారి పొడుగునా తిడుతూనే ఉందట.

"రోడ్డు నాకూ కావాలి నాయినా. ఆలోసిస్తాను," అంది.

ఊరికే అనలేదు, నిజంగానే ఆలోచించింది. నన్నడిగింది. కోందు ఆవిణ్ణి అడిగింది. బజార్లో ఎరువుల కొట్టువాణ్ణి అడిగింది. గని అంటే ఎలా ఉంటుందో కళ్ళారా చూసొస్తానని దామంజోడి బస్సుకి బయల్దేరింది కూడా, మోకాలు ఒప్పుకోక బిస్సమ్ కటక్ నుంచే తిరిగొచ్చింది. రెండు వారాల తరవాత ఆఫీసరు మళ్ళీ వస్తే ఆవిడ దగ్గర ఒకటే ప్రశ్న ఉంది.

"ఆ పైనున్న ఎర్రరాయి వాన తాగి ఏడాదంతా సుక్కా సుక్కా ఒదుల్తాది. దాన్ని మీరట్టుకుపోతే వాన ఎక్కడ కూకుంటాది?"

మొక్కలు నాటిస్తాం, చెరువు తవ్విస్తాం అన్నాడాయన. "సెప్పులు కుట్టిస్తాం, కాళ్ళిమ్మంటున్నారేటి?" అంది. ఆయన నవ్వి, ఒడియా కాగితం ఒకటి ముందు పెట్టాడు. 'ఆపత్తి' అన్న మాట పక్కన ఖాళీ గడి. ఒడియాలో ఆపత్తి అంటే అభ్యంతరం. అఛి అంటే ఉంది, నాహి అంటే లేదు. రెండిట్లో ఒకటి రాయాలి. మా అత్తకి ఒడియా మంచినీళ్ళ ప్రాయం. అయినా కావాలని తెలుగు పట్టుకుంది.

"మా బాసలో ఆపత్తంటే ఆపద. మీ బాసలో అడ్డు సెప్పడం. మీరేదడుగుతున్నారో గానీ రెండూ ఉన్నాయి, రాసుకోండి."

ఆ మాట బిస్సమ్ కటక్ సంతంతా తిరిగింది. నేను కూడా కొరాపుట్‌లో మా ఆఫీసులో చెప్పి నవ్వించాను. నవ్వించి ఏం చేశానో అది కూడా రాయాలి కదా. రాస్తాను.

తవ్వకానికి ముందు పరీక్ష ఉంటుంది. కొండవాలు మీద కన్నాలు వేసి, లోపలి రాతిని కడ్డీల్లా బయటికి తీసి చూస్తారు. మా వాటాలో ఆ పనికి మా ఇద్దరి సంతకాలు చాలు. తమ్ముడు దామంజోడిలో అద్దె జీపు నడుపుతాడు, కంపెనీ పనిలో రెండు బండ్లు పెట్టిస్తామన్నారు. ఇక నేను. ఆ వాలు మీద వెర్రినువ్వుల పసుపు పూలు తప్ప నాకు దక్కిన పంటేమీ లేదు. రిటైరయ్యేలోగా కొరాపుట్‌లో సొంత ఇల్లు కట్టుకోవాలని ఆశ. చెడ్డ ఆశేం కాదు, అందరికీ ఉండేదే. గడిలో నా చేత్తో 'ఆపత్తి నాహి' అని గుండ్రంగా రాశాను. రాసి అత్తకి ఫోను చేశాను.

"తవ్వకం కాదత్తా, నాలుగంగుళాల కన్నాలే."

"కుండకి కన్నం ఎంతుండాలమ్మీ, కారిపోడానికి?" అని పెట్టేసింది.

ఆ చలికాలం యంత్రం వచ్చింది. దానికి కావలసిన నీళ్ళు వాగులోంచే ట్యాంకరుకి తోడేవారు. నేను వెళ్ళేసరికి మా అత్త ఆ పనివాళ్ళకి టీ ఇస్తోంది. ఇదేమిటత్తా అంటే "ఆళ్ళ తప్పేటుంది? పొట్టకొచ్చేరు. సంతకాలెట్టినోళ్ళకి ఇవ్వను గానీ," అంది. నాకు ఆ రోజు నిజంగానే టీ ఇవ్వలేదు. వాళ్ళిచ్చిన ఎర్రరాతి కడ్డీ ముక్క ఒకటి వీధి తలుపుకి అడ్డం పెట్టి ఉంది. "మీ నాన్న వాటా. గాలికి తలుపు కొట్టుకోకుండా ఉంటాదని ఎట్టేను," అంది. కొన్నాళ్ళకి ఊట ఎర్రగా వచ్చింది, మళ్ళీ తేటపడింది. కన్నాలు సిమెంటుతో మూసేసి యంత్రం వెళ్ళిపోయింది. గండం గడిచిందనుకున్నాను.

ఎండలు మొదలయ్యాక ఒక పొద్దున్న ఆవిడ ఫోను. నేను హలో అనగానే "ఈశ్వర," అని పెట్టేసింది. దేవుణ్ణి తలుచుకుందేమో అనుకున్నాను. వారం తరవాత "బహుధాన్య" అంది. అప్పుడు తగిలింది నాకు. ధాత తరవాత పేర్లవి! చిన్నప్పుడు అడిగితే చెప్పని పేర్లు, నాకు యాభై దాటాక ఒక్కొక్కటే నేర్పుతోంది. ప్రమాథి. విక్రమ. ఒకరోజు ఆఫీసులో ఫైలు ముందుండగా "వృష" అంది. నాకు మండింది.

"ఈ ఏడు వానలే తక్కువ పడ్డాయి కదత్తా! అన్నిటికీ నా కన్నాలేనా కారణం?"

"ఏమోనమ్మీ. నువ్వు సదూకున్నదానివి, నువ్వే సెప్పు," అంది.

కన్నాల వల్లో, వానల వల్లో, ఈ రోజుకీ ఎవరూ తేల్చలేదు. తేల్చమని అడిగితే పనికి అడ్డమొస్తుందని నేనూ అడగలేదు. ఆ తరవాత ఆవిడ నంబరు కనిపిస్తే ఫోను బోర్లా తిప్పేసేదాన్ని. నెలన్నర పాటు, వారం వారం, అలాగే తిప్పేశాను. రోహిణి కార్తెలో ఆవిడ పోయింది.

బస్సులు మారి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. అరుగు పక్కన నీలం మూతల నీళ్ళ క్యాన్లు వరసగా పెట్టి ఉన్నాయి. కంపెనీ పంపిందట. చివరి స్నానం ఆ నీళ్ళతోనే చేయించేశారు.

"ఊట నుంచి రెండు బిందెలు తేలేకపోయావేట్రా?" అన్నాను తమ్ముడితో.

"ఒక్కో బిందె నిండడానికి ఎంతసేపడతందో నీకేటి తెల్సక్కా? ఎండెక్కిపోతంది. ఆ ఆఫీసరు మంచికే పంపేడు."

అంతసేపు పట్టేలా చేసిందెవరురా అని అడగబోయి నోరు మూసుకున్నాను. అడిగితే జవాబులో నా సంతకం కూడా వస్తుంది. పుట్టినప్పటి నుంచీ ఆ ఊట నీళ్ళు తాగిన మనిషి, కంపెనీ క్యాను నీళ్ళు పోయించుకుని వెళ్ళిపోయింది. నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది.

పదో రోజు భోజనాలయ్యాక ఆఫీసరు కాగితం తెచ్చాడు, ఈసారి కొండ మొత్తానికి. విస్తళ్ళు ఇంకా ఎత్తలేదు. తమ్ముడు తన సంతకం పెట్టి పెన్ను నా చేతికిచ్చాడు. అదే గడి, అదే మాట. ఆపత్తి. దాని పక్కన 'అఛి' అని రాశాను.

"ఇదేటక్కా! అత్త గాని పూనిందేటి నీకు?" అన్నాడు తమ్ముడు.

"లేదురా. బతికున్నప్పుడు పూనాల్సింది," అన్నాను.

ఆఫీసరు కాగితం చదివి మర్యాదగా మడిచాడు. "ఒక్కరు ఒప్పుకోనంత మాత్రాన పని ఆగదు మేడమ్. ఆలస్యమవుతుంది, అంతే," అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు. మా కొండ లోపల ఏముందో వాళ్ళకి తెలిసిపోయింది. తెలియడానికి దారి ఇచ్చింది నేను.

ఇత్తడి చెంబు తీసుకుని ఊట దగ్గరికి వెళ్ళాను. కోందు ఆవిడ బిందె పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి కొంచెం జరిగింది. చెంబు దోనె కింద పెట్టి మొదలుపెట్టాను. ప్రభవ, విభవ, శుక్ల... ధాత అనేసరికి సగమే వచ్చింది. ఈశ్వర, బహుధాన్య, ప్రమాథి, విక్రమ, వృష. ఫోనులో నేర్చుకున్నవి అక్కడితో అయిపోయాయి. మిగతావి నేను ఎత్తని ఫోనుల్లో ఉండిపోయాయి. నీళ్ళు సన్నగా పడుతూనే ఉన్నాయి, నా దగ్గర పేరు లేదు.

అప్పుడు కోందు ఆవిడ అందుకుంది. నా వైపు చూడలేదు, చెంబు వైపే చూస్తోంది.

"చిత్రొభాను," అంది. "స్వొభాను. తారొణొ. పార్థిబొ."

నేను వినని రోజులన్నీ ఆవిడ నోట్లో వరసగా ఉన్నాయి.

"బ్యొయొ," అంది. వ్యయ. చెంబు నిండింది.