అన్నయ్య ముందు వెళ్లాడు

మొన్నామధ్య కళ్లు తిరుగుతున్నాయంటే మా కోడలు నా తలకు స్కానింగ్ తీయించింది. కుర్ర డాక్టరు తెర మీద నా చెవి వెనక భాగం చూపిస్తూ, మెదడు నుంచి రక్తాన్ని కిందికి దించే పెద్ద సిర నాకు ఉండాల్సిన చోటుకన్నా బాగా ముందుకు వచ్చి ఉందని, అది అందరికీ ఒకేలా ఉండదని, చిన్నప్పుడు ఈ చెవికి ఆపరేషన్ చేసినవారెవరో గానీ ఎంతో జాగ్రత్తగా చేశారని మెచ్చుకున్నాడు. ఆ జాగ్రత్త ఎక్కడి నుంచి వచ్చిందో ఆ కుర్రాడికి తెలియదు.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో, సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో పిల్లల చెవుల్లో చీము కారడం పెద్ద జబ్బు కింద లెక్కే కాదు. వెచ్చటి నూనె చుక్క వేసి దూది పెట్టేవారు. అన్నయ్యకూ నాకూ అది ముదిరి చెవి వెనక ఎముక దాకా పాకితే, మిరప కోతల మధ్యలో అమ్మా నాన్నా మమ్మల్నిద్దరినీ గుంటూరులో ఒక సర్జనుగారి దగ్గరకు తీసుకువెళ్లారు. మొదట నన్నే పిలిచారు. నేను అమ్మ కొంగు వదలకుండా ఏడుస్తుంటే అన్నయ్య బెంచీ మీద నుంచి లేచి, "ఊరుకోవే, ముందు నేనెళ్తాలే. నొప్పుంటుందో లేదో వచ్చి చెప్తా" అన్నాడు.

వచ్చి చెప్పలేదు. ఎముక తొలుస్తుంటే, అక్కడ ఉంటుందని ఎవరూ అనుకోని ఆ సిర తెగింది. గుడ్డ కుక్కి రక్తం ఆపారు గానీ, రెండోవైపు సిర దారప్పోగంత సన్నమని తరువాత తెలిసింది. తలలోని రక్తం దిగడానికి అన్నయ్యకున్న దారి ఆ గుడ్డ కుక్కి మూసేసిన సిర ఒక్కటేనట. మెదడు వాచి, చూపు పోయి, అమ్మ చేతులు తడుముకుంటూ కొద్దిరోజులకే పోయాడు. ఆ ఏడు మా మిరపకాయలు కోసేవాళ్లు లేక చెట్ల మీదే ఎండిపోయాయి.

వేసవిలో నా చెవిపోటు చూడలేక నాన్న మళ్లీ ఆ సర్జనుగారి దగ్గరకే తీసుకువెళ్తే, బంధువులంతా తిట్టిపోశారు. ఆయన మా నాన్న ఎదుట కూర్చోలేక నిలబడే, "మీ అబ్బాయి పోయాక నా చెయ్యి తొందరపడటం మానేసిందండీ" అన్నారట. పదేపదే ఎక్స్‌రేలు తీయించి, ఎముకను రవ్వరవ్వగా గీకుతూ వెళ్తే, నా సిర కూడా అలాగే ముందుకొచ్చి కనిపించిందట. దాని మీద పలుచటి ఎముక పొర వదిలేసి, చీము తీసి, నన్ను బతికించారు.

నేనే ముందు వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. పెళ్లిలోనూ, పిల్లలు పుట్టినప్పుడూ, ఏ సంతోషం కలిగినా అన్నయ్య వాటా నేను తింటున్నట్టే ఉండేది.

ఇప్పుడు కత్తి పట్టకముందే ఎవరి సిర ఎక్కడుందో తెర మీద కనిపిస్తోంది. మంచిదే. కానీ అమ్మ మనసులో ఏముందో ఏ తెరా చూపించలేదు. పెళ్లయ్యేదాకా అమ్మే నాకు జడ వేసేది. చెవి వెనక మచ్చ దగ్గర ఆమె వేళ్లు కాసేపు ఆగి, మళ్లీ కదిలేవి. ఒక్కసారైనా 'వాడు నీ బదులు వెళ్లాడే' అని అమ్మ పైకి అని ఉంటే, ఇద్దరం కలిసి ఏడ్చి ఉండేవాళ్లం.